బంతి మధ్యలో ఉందా? భుజం గిన్నె విరిగినప్పుడు చూడవలసింది

(శ్రీకాకుళంలో నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులు, గ్రామీణ వైద్యులు, అంబులెన్స్ సిబ్బంది పాల్గొన్న ఒక అవగాహన సభలో ఎముకల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక నా వంతు వచ్చింది. నిద్ర వస్తే మొహమాటపడకండి, కానీ ఎక్స్‌రేలు చూపించే పది నిమిషాలు మాత్రం మేలుకుని ఉండండి.

భుజం దగ్గర ఎముక విరిగింది అనగానే మనకు రెండే గుర్తొస్తాయి. ఒకటి కాలర్ బోన్, రెండోది జబ్బ ఎముక పైభాగం. మూడోది ఒకటుంది. వీపు మీద పలకలా ఉండే రెక్క ఎముక, అదే స్కాపులా. దాని బయటి అంచున ఉండే చిన్న గిన్నెను గ్లీనాయిడ్ అంటాం. జబ్బ ఎముక పైన బంతిలా ఉండే తల ఈ గిన్నెలోనే తిరుగుతుంది. ఒంట్లో విరిగే ఎముకలన్నిటిలో రెక్క ఎముక వాటా ఒక శాతం లోపే. అందులోనూ గిన్నె దాకా పగిలేవి కొన్నే. అంత అరుదైనదాని గురించి గంటసేపు ఎందుకంటే, ఇది రెండు రకాలుగా చెడుతోంది. ఆపరేషన్ కావలసినవాళ్ళు కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చుంటున్నారు. అక్కర్లేనివాళ్ళు పొలం తాకట్టు పెట్టి ఆపరేషన్‌కి తిరుగుతున్నారు. రెండు చోట్లా అడగవలసిన ప్రశ్న ఒక్కటే, అది ఎవరూ అడగటం లేదు. బంతి గిన్నె మధ్యలో ఉందా, లేదా?

గిన్నె అంటున్నాను గానీ లోతు ఏమీ ఉండదు. స్కూల్లో నిమ్మకాయ, చెంచా పందెం ఆడినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. చెంచా చిన్నది, నిమ్మకాయ పెద్దది. కొంచెం ఒరిగితే కిందపడుతుంది. భుజం కీలు సరిగ్గా అలాంటిదే. ఏ క్షణంలో చూసినా బంతిలో నాలుగో వంతో, మూడో వంతో మాత్రమే గిన్నెకు ఆనుకుని ఉంటుంది. మరి ఎందుకు పడిపోదు? గిన్నె అంచు చుట్టూ లేబ్రమ్ అనే మెత్తటి గట్టు ఉంది. దాని పైన లిగమెంట్లు అనే గట్టి పట్టీలు, వాటి పైన రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు బంతిని నాలుగు వైపుల నుంచి గిన్నెలోకి లాగి పట్టుకుంటాయి. చెయ్యి ఇన్ని వైపులకు తిరగడానికి కారణం ఈ లోతు లేకపోవడమే. జారిపోవడానికి కారణం కూడా అదే.

కొలతలు కూడా చెబుతాను, తర్వాత పనికొస్తాయి. పెద్దవాళ్ళలో ఈ గిన్నె ఎత్తు సుమారు మూడున్నర సెంటీమీటర్లు, కింది భాగంలో వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు, కొందరిలో కాస్త ఎక్కువ. ముందు అంచున 5 మిల్లీమీటర్ల ముక్క ఊడింది అని రిపోర్టులో రాస్తే, ‘ఓస్, అంతేనా’ అనిపిస్తుంది. 25 మిల్లీమీటర్లలో 5 అంటే అయిదో వంతు పోయినట్టు. చెంచా ముందు అంచు కోసేస్తే నిమ్మకాయ ఎటు దొర్లుతుందో మీరే ఆలోచించండి.

ఇది రెండు దారుల్లో విరుగుతుంది. గూడ జారినప్పుడు బంతి బయటికి పోతూ పోతూ గిన్నె అంచును గీరుకుని ఒక ముక్క లాక్కుపోతుంది. ఎక్కువగా ముందు అంచే పోతుంది. దీన్ని బోనీ బ్యాంకార్ట్ అంటారు. కబడ్డీ కుర్రాళ్ళలోనూ, వాకిట్లో కాలుజారి చెయ్యి ఊతం పెట్టిన పెద్దవాళ్ళలోనూ చూసేది ఇదే. రెండో దారిలో దెబ్బ బలంగా ఉంటుంది. భుజం పక్క భాగం నేలకు కొట్టుకుంటే బంతి సుత్తిదెబ్బలా గిన్నెలోకి దిగుతుంది, గిన్నె నిలువునా, అడ్డంగా పగిలి ఆ పగులు రెక్క ఎముక పలకలోకి పాకుతుంది. మన జిల్లాలో ఇది ఎక్కడ జరుగుతుందో మీకు తెలుసు. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా జాతీయ రహదారి ఉంది, దాని మీదికి పక్క రోడ్ల నుంచి మోటార్ సైకిళ్ళు ఎక్కుతుంటాయి. ఉద్దానంలో కొబ్బరి చెట్లున్నాయి. కట్టడం పనుల్లో పరంజాలున్నాయి.

ఈ రెండో రకం వచ్చినప్పుడు ముందు భుజం వైపు చూడకండి. రెక్క ఎముక చుట్టూ మందమైన కండ ఉంది, లోపలి వైపు పక్కటెముకల గూడు ఉంది. అది పగిలేంత దెబ్బ తగిలిందంటే ఆ మనిషికి ఇంకెక్కడో దెబ్బ ఉందనే అనుకోవాలి. పెద్ద ప్రమాదంలో రెక్క ఎముక విరిగిన పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి మరో గాయం కూడా ఉంటుంది. పక్కటెముకలు, ఊపిరితిత్తి నలగడం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, కాలర్ బోన్, తల, మెడ, ఇలా. చెయ్యి నొప్పి అని ఏడుస్తున్న మనిషి ఆయాసపడుతుంటే ఆ ఆయాసం నొప్పి వల్ల అనుకోకండి. శ్వాస, నాడి, బీపీ, స్పృహ చూశాకే భుజం. ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. చాలాసార్లు రెక్క ఎముక విరిగిందని మొదట బయటపడేది ఆ ఛాతీ ఎక్స్‌రేలోనే. ఫిల్ము మూలన ఉంటుంది, చూసేవాళ్ళు ఊపిరితిత్తులు చూసి పక్కన పెట్టేస్తారు.

నరాల పరీక్షకు రెండు నిమిషాలు చాలు. భుజం బయటి వైపు, ఇంజెక్షన్ చేసే చోట, దూదితో తాకి స్పర్శ తెలుస్తోందా అని అడగండి. అక్కడ తిమ్మిరి ఉంటే యాక్సిలరీ నరం దెబ్బతిన్నదని అనుమానం. మణికట్టు పైకి ఎత్తమనండి, వేళ్ళు విప్పి మూయమనండి. మణికట్టు దగ్గర నాడి రెండు చేతుల్లోనూ ఒకేలా ఉందా పట్టి చూడండి. చూసింది కాగితం మీద టైముతో సహా రాయండి. గూడ ఎక్కించాక, అంటే జారిన బంతిని తిరిగి గిన్నెలో పెట్టాక, చూస్తే తిమ్మిరి ఉంది, ముందు ఉందో లేదో ఎవరూ రాయలేదు, ఇక బంధువులు ‘మీరు లాగడం వల్లే’ అంటారు. వాళ్ళని అనడానికి కూడా ఏమీ ఉండదు.

ఇక ఎక్స్‌రే. మామూలుగా ఏం చేస్తారంటే, మనిషిని ప్లేటుకు ఎదురుగా నిలబెట్టి ఒక్క ఫిల్ము తీసి పంపేస్తారు. రెక్క ఎముక వీపు మీద తిన్నగా పరుచుకుని ఉండదు, 30 నుంచి 40 డిగ్రీలు ముందుకు వాలి ఉంటుంది. అందుకే ఎదురుగా తీసిన ఫిల్ములో బంతి, గిన్నె ఒకదాని మీద ఒకటి పడిపోయి కనిపిస్తాయి. మధ్యలో ఉండే సందు కనబడదు. మనిషిని దెబ్బ తగిలిన వైపు వీపు ప్లేటుకు ఆనేలా అంత మేర తిప్పితే సందు స్పష్టంగా వస్తుంది. దాన్ని గ్రాషే వ్యూ అంటారు. రెండోది చంకలో నుంచి తీసే యాక్సిలరీ వ్యూ. ముందు అంచు, వెనక అంచు, బంతి ఎటు జరిగిందీ చెప్పేది ఇదే. ‘డాక్టర్ గారూ, పేషెంట్ చెయ్యి ఎత్తనివ్వడం లేదు’ అని టెక్నీషియన్లు అంటారు. నిజమే, నొప్పి. కానీ చెయ్యి స్లింగ్‌లోనే ఉంచి, మనిషిని కొంచెం వెనక్కి వాలమని పైనుంచి కిందికి తీసే పద్ధతి కూడా ఉంది. వెల్పో వ్యూ అంటారు, అది తీయొచ్చు. మూడోది పక్క నుంచి తీసే వై వ్యూ. ఈ మూడింటికీ కొత్త మిషన్ అవసరం లేదు, ఎక్స్‌రే గది ఉన్న ప్రతి ఊళ్ళోనూ వస్తాయి. తీసేవాడికి ఓపిక ఉంటే చాలు.

ఫిట్స్ వచ్చినవాళ్ళు, కరెంట్ షాక్ కొట్టినవాళ్ళు మాత్రం ప్రత్యేకం. వాళ్ళలో కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుని బంతి వెనక్కి జారుతుంది. ఎదురుగా తీసిన ఫిల్ములో దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. చెయ్యి బయటికి తిప్పలేకపోవడమే గుర్తు. పొలంలో మోటార్ దగ్గర షాక్ కొట్టిన మనిషి ‘సెయ్యి మెలి తిరగట్లేదు బాబూ’ అంటే ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపకండి.

గిన్నె పగిలిందని అనుమానం వస్తే సీటీ స్కాన్ కావాలి. ఇందులో అనుమానం లేదు. పగులు ఎన్ని ముక్కలు, మెట్టు (పగులు దగ్గర ఒక వైపు ఎత్తు, ఒక వైపు పల్లం) ఎంత, ముక్క ఎంత పెద్దది అన్నవి ఎక్స్‌రేలో అంచనాలే. సీటీలో త్రీడీ బొమ్మ తయారుచేసి, కంప్యూటర్‌లో జబ్బ ఎముకను తీసేస్తే గిన్నె మన ముఖానికి ఎదురుగా తిరిగి కనిపిస్తుంది. దాని కింది సగం దాదాపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని మీద ఒక వృత్తం గీస్తాం. వృత్తంలో ఎంత భాగం ఖాళీగా ఉందో అంత ఎముక పోయినట్టు. స్కాన్ సెంటర్‌కి రాసేటప్పుడే ‘త్రీడీ, జబ్బ ఎముక తీసేసి’ అని రాయండి. పేషెంట్లకి ఒక మాట చెప్పండి: రిపోర్టు కాగితం ఒక్కటీ పట్టుకుని రావద్దు, సీడీ అడిగి తెచ్చుకోవాలి. కాగితం మీద ‘గ్లీనాయిడ్ ఫ్రాక్చర్’ అన్న రెండు ముక్కలతో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు.

వర్గీకరణ గురించి విద్యార్థులకు పరీక్షలో అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. స్వీడన్‌కు చెందిన ఇడెబెర్గ్ చేసిన వర్గీకరణ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆయన బృందం 1995లో 338 రెక్క ఎముక ఫ్రాక్చర్లను పరిశీలించి ప్రచురించింది. మొదటి రకం అంచు విరగడం, ముందుదో వెనకదో. రెండోది కింది ముక్క, మూడోది పై ముక్క, నాలుగోది పలకను అడ్డంగా చీల్చుకుపోయేది, అయిదోది వీటి కలయిక. నుజ్జునుజ్జు అయిన దాన్ని ఆరో రకంగా అమెరికా వైద్యుడు గాస్ 1992లో చేర్చాడు. సంవత్సరాలు తిరగబడ్డాయే అనుకోకండి, ఇడెబెర్గ్ వర్గీకరణ 1995 కంటే ముందు నుంచే ఉంది. పరీక్ష అయ్యాక నంబర్లు మర్చిపోయినా నాకు బాధ లేదు.

నిర్ణయం నంబరు మీద కాదు, మూడు విషయాల మీద ఉంటుంది. గిన్నె నేల మీద మెట్టు ఎంత? సాధారణంగా 4, 5 మిల్లీమీటర్లు దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. విరిగిన అంచు ముక్క ఎంత? ముందు వైపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు, వెనక వైపు మూడో వంతు దాటితే కీలు నిలకడగా ఉండదంటాం. మూడోది అన్నిటికంటే పెద్దది, బంతి. బంతి పక్కకు జరిగి ఉంటే పై రెండు కొలతలూ చిన్నవైనా నేను ఊరుకోను. బంతి మధ్యలో నిలిచి ఉంటే పెద్ద ముక్క చూసి కూడా వెంటనే కత్తి పట్టను. స్విట్జర్లాండ్ వైద్యులు 2007లో ఒక పరిశీలన ప్రచురించారు. ముందు అంచు పెద్దగానే విరిగినా, ఎక్కించాక బంతి మధ్యలో నిలిచిన 14 మందికి ఆపరేషన్ లేకుండా వైద్యం చేసి ఏళ్ళ తరబడి గమనించారు. ఎవరికీ గూడ మళ్ళీ జారలేదు. 14 మందితో చట్టం రాయలేం, అది నిజం. కానీ మిల్లీమీటర్ల పట్టిక చూసి ఆపరేషన్ టేబుల్ మీద పడుకోబెట్టే తొందరకు అది మంచి విరుగుడు.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు, ‘ఏటి బాబూ, ఇరిగిందంటారు, ఆపరేషన్ ఒద్దంటారు, ఇదేటి?’ అని అడుగుతారు. అనుమానం న్యాయమైనదే. జవాబు ఏమిటంటే, రెక్క ఎముక చుట్టూ కండ దట్టంగా ఉంది, రక్తప్రసారం బాగుంది, ఆరు వారాల్లో దాదాపు ఎప్పుడూ అతుక్కుంటుంది. అతకకపోవడం అరుదు. అతికాక చెయ్యి బిగుసుకుపోవడం మాత్రం రోజూ చూస్తాం.

అందుకే స్లింగ్ రెండు, మూడు వారాలే. మొదటి రోజు నుంచే వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి ఆడించాలి. నొప్పి తగ్గాక, సుమారు వారం, పది రోజులకు, ముందుకు వంగి చెయ్యి కిందికి వేలాడదీసి మెల్లగా ఊపడం. స్నానం చేసేటప్పుడు అలా వంగి చంక కడుక్కుంటే అది కూడా వ్యాయామమే, చెమటకు చంకలో పుండు కూడా పడదు. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. రాత్రి వెల్లకిలా పడుకోలేరు, రెండు దిండ్లు వెనక పెట్టి సగం వాలి పడుకోవాలి, మోచెయ్యి కింద ఇంకో చిన్న దిండు. మొదటి మూడు వారాలు వారానికోసారి ఎక్స్‌రే, ముక్క జారిందేమో, బంతి జరిగిందేమో చూడటానికి. ఆరు వారాలకు సొంతంగా చెయ్యి ఎత్తడం, మూడో నెల నుంచి బలం కోసం బరువులు. షుగర్ ఉన్నవాళ్ళలో భుజం త్వరగా బిగుస్తుంది. వాళ్ళకి ఫిజియోథెరపీ ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.

నాటు కట్టు సంగతి మీరు అడక్కముందే చెబుతాను. కట్టు కట్టేవాళ్ళని తిట్టడానికి నేను రాలేదు. రాత్రి పదింటికి నొప్పితో వెళ్తే తలుపు తీసేది వాళ్ళే, మేం కాదు. కానీ ముంజేతికి వెదురు బద్దలు కట్టినట్టు ఈ గిన్నెకు కట్టలేం. అది కండ లోపల ఉంది, ఏ బద్దా అందదు. ఛాతీ చుట్టూ బిగించి కట్టేస్తే పక్కటెముకలు విరిగిన మనిషికి ఊపిరి ఆడదు, కఫం బయటికి రాదు. దాన్ని నెలన్నర విప్పకపోతే భుజం కదలదు. జారిన బంతి అలాగే ఉండి ఎముక అతికిపోతే ఆ తర్వాత దాన్ని సరిచెయ్యడం చాలా కష్టం.

ఇంకొకటి, ఇది మన జిల్లావాళ్ళకి ప్రత్యేకం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, అంటే ఉద్దానం వైపు నుంచి ఎవరైనా ఎముక విరిగి వస్తే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడకుండా నొప్పి మాత్ర రాయకండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఇవన్నీ కిడ్నీ మీద భారం వేసేవే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందికి లోపల్లోపల ఉందో వాళ్ళకే తెలియదు. భుజం విరిగిన మనిషి నెలరోజులు మెడికల్ షాపులో అవే కొనుక్కుని మింగుతాడు. భుజం బాగవుతుంది, డయాలసిస్ దగ్గరపడుతుంది. పారాసిటమాల్‌తో మొదలుపెట్టండి, ఐస్ పెట్టండి, స్లింగ్ సరిగ్గా వెయ్యండి, చాలక పోతే డాక్టర్‌ని అడిగి పై మందు. సీటీ అంటే రంగు మందు ఎక్కిస్తారని, కిడ్నీ పోతుందని కొందరు భయపడతారు. ఎముక కోసం తీసే సీటీకి రంగు మందు అక్కర్లేదు.

ఆపరేషన్ గురించి ఎక్కువ చెప్పను, చేసేవాళ్ళు ఈ గదిలో తక్కువ. అవసరమైతే మొదటి రెండు వారాల్లో చేస్తే మంచిది, మూడు వారాలు దాటితే కొత్త ఎముక పట్టి ముక్కలు కదలవు. ముందు అంచుకు ముందు నుంచి కోత, లేదా కీహోల్ పద్ధతిలో ఆర్థ్రోస్కోపీ. వెనక అంచుకు, పలకలోకి పాకిన పగుళ్ళకు వెనక నుంచి. ఆ దారిలో రెండు నరాలు దగ్గరగా ఉంటాయి, అందుకే ఇది అలవాటున్న చేతులు చెయ్యాలి. చిన్న స్క్రూలు, సన్నని ప్లేట్లు, చిన్న ముక్కైతే దారంతో బిగించే యాంకర్లు. ఆలస్యంగా వచ్చి, అంచు ఎముక అరిగిపోయి, గూడ మాటిమాటికీ జారేవాళ్ళకి రెక్క ఎముకలోనే పక్షి ముక్కులా ముందుకు పొడుచుకొచ్చే కొరకాయిడ్ అనే భాగాన్ని కోసి గిన్నె ముందు అంచుకు బిగిస్తాం. అది 1954లో ఫ్రాన్స్‌లో లాటార్జే చెప్పిన పద్ధతి. ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, అంబులెన్స్‌లో భుజం ఎలా కట్టి తీసుకురావాలి?

జవాబు: ఏ పొజిషన్‌లో నొప్పి తక్కువో అదే పొజిషన్‌లో. చెయ్యి లాగి ఒంటికి కట్టేయాలని చూడకండి. చేతికీ ఒంటికీ మధ్య సందులో మడిచిన దుప్పటి పెట్టి, తుండుగుడ్డతో స్లింగ్ వెయ్యండి. మెడకు దెబ్బ లేదని తేలేదాకా మెడ కూడా కాపాడండి. ఆక్సిజన్ శాతం చూస్తూ ఉండండి. అది పడిపోతుంటే భుజం సంగతి వదిలేసి ఛాతీ గురించి ముందే ఫోన్ చేసి చెప్పండి.

ప్రశ్న: యాభై దాటినవాళ్ళకి గూడ ఎక్కించాక, ఎక్స్‌రే బాగానే ఉన్నా చెయ్యి లేవట్లేదు. ఫిజియోథెరపీ కొనసాగించాలా?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. నలభై దాటాక గూడ జారితే రొటేటర్ కఫ్ కండరం చిరగడం ఎక్కువ. రెండు, మూడు వారాలైనా చెయ్యి సొంతంగా లేవకపోతే వ్యాయామం పెంచకండి, ఎం.ఆర్.ఐ.కి పంపండి. లేదా యాక్సిలరీ నరం దెబ్బతిని ఉండొచ్చు. రెంటినీ డాక్టర్ చూడాలి.

ప్రశ్న: మావాడు కొబ్బరి చెట్లు ఎక్కుతాడు. మళ్ళీ ఎప్పుడు ఎక్కొచ్చు?

జవాబు: అతికిన తర్వాత కూడా బరువు పనికి నాలుగు నెలలు పడుతుంది, కొందరికి ఆరు. చెట్టు ఎక్కడమంటే ఒంటి బరువంతా ఆ భుజం మీదే. చెయ్యి చెవి దాకా నొప్పి లేకుండా లేచి, రెండో చేతితో సమానంగా బలం వచ్చాకే. అప్పటిదాకా కింద ఉండి కాయలు లెక్కపెట్టమనండి.

ప్రశ్న: మా ఊళ్ళో గూడ జారితే మేమే ఎక్కించేస్తాం. తప్పంటారా?

జవాబు: ఇదివరకు నాలుగైదుసార్లు జారిన కుర్రాడు, స్పర్శ బాగుంది, ఆసుపత్రి దూరం, అలాంటప్పుడు నెమ్మదిగా ఎక్కించడం తెలిసినవాళ్ళు చేస్తే నేను పోట్లాడను. కానీ మొదటిసారి జారినవాళ్ళు, నలభై దాటినవాళ్ళు, బండి మీంచి పడ్డవాళ్ళు, ఫిట్స్, షాక్ కేసులు, వీళ్ళని మాత్రం ఎక్స్‌రే లేకుండా లాగకండి. విరిగిన ఎముకను లాగితే పగులు పెద్దదవుతుంది. చంకలో కాలు పెట్టి లాగడం అసలు వద్దు. ఎక్కించాక కూడా గ్రాషే, యాక్సిలరీ రెండూ తీయించండి. నొప్పి తగ్గిందంటే బంతి మధ్యలోకి వచ్చేసినట్టు కాదు, అది ఫిల్ములోనే తెలుస్తుంది. లాగక ముందు తీసినవి, తర్వాత తీసినవి రెండూ ఒకే కవర్లో పెట్టి పంపండి.